పాత టేకు సామానుకు పట్టిన పాలిష్, రంగు వదిలించడం ఎలా?

తాతల నాటి పడక కుర్చీకో, భోషాణానికో మళ్లీ పాలిష్ వేయిద్దామనుకోగానే చాలామంది ముందుగా సాండింగ్ మెషిన్ తెప్పిస్తారు. దయచేసి ఆ తొందర వద్దు. నగిషీల అంచులు ఒక్కసారి అరిగితే మళ్లీ రావు. పైగా మెషిన్ వేడికి పాత లక్క మెత్తబడి సాండ్ పేపర్‌కు జిగురులా పట్టేస్తుంది.

ఇక్కడున్నవి రెండు పనులు. పైనున్న పాలిష్ పొర తీయడం ఒకటి, చెక్కలోకి ఇంకిన రంగు తీయడం మరొకటి. మొదటిది పూర్తయ్యాకే రెండోదాని జోలికి వెళ్లాలి.

ముందు ఆ పాలిష్ ఏమిటో కనిపెట్టండి. కుర్చీ అడుగున కనబడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదిని ఒక నిమిషం అదిమి పెట్టండి. దూదికి ఎర్రగా, జిగటగా అంటితే అది చపడా లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. పాత ఇళ్లలో టేకు సామానుకు ఎక్కువగా ఇదే ఉంటుంది. మీ అదృష్టం, స్పిరిట్‌తోనే వదులుతుంది. స్పిరిట్‌కు లొంగకుండా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కు కరిగితే అది లాకర్ అనే పాలిష్. రెండింటికీ కదలకపోతే మెలమైన్ పాలిషో, పీయూ (పాలీయూరిథేన్) పాలిషో, ఎనామిల్ పెయింటో అయి ఉంటుంది. వాటికి పెయింట్ రిమూవర్ కావాలి.

పని ఎప్పుడు పెట్టుకుంటారన్నది కూడా ముఖ్యమే. నెల్లూరు, ఒంగోలు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. చెక్క తేమ పీల్చుకుని ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లో రిమూవర్ పనిచేసేలోపే ఆరిపోతుంది. సంక్రాంతి దాటాక మార్చి లోపు పెట్టుకుంటే హాయి.

రిమూవర్‌ను ఆరుబయట నీడలోనే వాడండి. వీటిలో కొన్నింట్లో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. మూసిన గదిలో దాని ఆవిరి ప్రాణాలే తీయగలదు, గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. రసాయనాలకు ఆగే గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. స్పిరిట్, థిన్నర్ ఇట్టే అంటుకుంటాయి కాబట్టి దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉండకూడదు.

రిమూవర్‌ను మందంగా, బ్రష్‌ను ఒకే వైపు లాగుతూ పూసి పైన పాలిథీన్ షీటు కప్పండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో పొర బుడగలు లేచి ముడతలు పడుతుంది. అప్పుడు మొద్దు అంచున్న పుట్టీ బ్లేడుతో చెక్క చార వెంబడి నెమ్మదిగా తోయండి. నల్లటి జిడ్డు ముద్దలా లేచి వస్తుంది, దాని కింద తేనె రంగు టేకు బయటపడుతుంది. నగిషీల సందుల్లో వెదురు పుల్ల, కొబ్బరి పీచు వాడండి. స్టీల్ ఊల్ వద్దు. దాని నూగు చెక్కలో ఇరుక్కుని, తడి తగిలితే తుప్పు పట్టి నల్ల చుక్కలు వేస్తుంది. మొండి చోట రెండోసారి పూయాలి. చివర్లో థిన్నర్ గుడ్డతో బాగా తుడవాలి, లేకపోతే రిమూవర్‌లోని మైనం మిగిలిపోయి కొత్త పాలిష్ పట్టదు.

కాస్టిక్ సోడాతో కడిగేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. టేకుకు ఆ పని చేయకండి, చెక్క నల్లబడుతుంది. వంటకు, తినడానికి వాడే చెక్క సామానుకు రిమూవర్ అసలే వద్దు. ఉదయగిరి చెక్క గరిటెల వంటివి రంగు మారాయని దీంతో తుడవకూడదు.

పాత ఎనామిల్ పెయింట్‌ను పొడిగా రుద్దకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు చాలా హాని.

ఇక రెండో పని, చెక్కలోకి ఇంకిన రంగు. పొర పోయాక 120, తర్వాత 180 నంబరు సాండ్ పేపర్‌తో చార వెంబడి చేత్తోనే రుద్దండి. ప్లైవుడ్ మీద అతికించిన పలుచటి చెక్క పొర (వెనీర్) అయితే 180తో రెండుసార్లు రుద్ది ఆపేయాలి, అది అర మిల్లీమీటరు మందం కూడా ఉండకపోవచ్చు. అయినా చెక్క సన్నటి రంధ్రాల్లో కొంత రంగు మిగులుతుంది. కొత్తగా వేసేది అదే రంగో, ఇంకా ముదురో అయితే దాన్ని వదిలేయడమే మేలు.

మేకుల చుట్టూ నల్ల మచ్చలుంటే అది పాత రంగు కాదు, ఇనుము తుప్పు చెక్కతో కలిసి చేసిన మచ్చ. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. దీనికి ఆక్సాలిక్ యాసిడ్ మందు. ప్లాస్టిక్ గిన్నెలో లీటరు వేడి నీళ్లకు 50 గ్రాములు కలిపి, మచ్చకే కాకుండా పలక మొత్తానికీ పూయండి. మచ్చ వరకే పూస్తే అక్కడ తెల్లగా తేలుతుంది. ఇది విషం. బ్లీచింగ్ లిక్విడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, కాబట్టి ఒకే రోజు రెండూ ముట్టుకోకండి. మచ్చ పోయాక మంచినీళ్లతో రెండు మూడు సార్లు తుడిచి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. ఆరాక రుద్దేటప్పుడు మాస్కు మానొద్దు.

కొత్త పాలిష్‌కు ముందు స్పిరిట్ గుడ్డతో ఒకసారి తడపండి. ఆ తడిలో కనిపించే రంగే దాదాపుగా రేపటి రంగు. ఎక్కడైనా మరకలా తేలితే అక్కడ మళ్లీ రిమూవర్ పట్టించండి. సమంగా ఉంటే ఆరగానే దుమ్ము తుడిచి, గాలిలో తేమ పట్టకముందే మొదటి కోటు వేసేయండి.