మేపుల్ తోటలో వాక్యూమ్ లైన్లు: ఆధార తీగ విషయంలో ముందు జాగ్రత్తలు

అమెరికాలోని వెర్మాంట్, కెనడాలోని క్యుబెక్ అడవుల్లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలైతే మేపుల్ రసం కారడం మొదలవుతుంది. ఆ రసాన్ని వాక్యూమ్‌తో (గాలి పీల్చి) లాగే గొట్టాలను మోసే ఆధార తీగ పని ఆకు రాలే కాలంలోనే, మంచు పడకముందే ముగించండి.

మెయిన్‌లైన్ (చాలా చెట్ల రసాన్ని మోసుకెళ్లే పెద్ద గొట్టం) కింద తీగ తెగడం అరుదు. అది కుంగడం వల్లే ఎక్కువ నష్టం. కుంగిన చోట రసం నిలిచి గాలికి దారి మూసేస్తుంది. ఆ పైనున్న చెట్లకు వాక్యూమ్ సరిగా అందదు. నిలిచిన రసం రాత్రికి గడ్డకడుతుంది. పొద్దున మిగతా లైన్లు పారుతున్నా ఇది కరగదు.

ముందు బరువు చూసుకోండి. లోపలి వ్యాసం అంగుళం ఉన్న గొట్టం నిండితే మీటరుకు అర కిలో రసం, గొట్టమూ తీగా కలిపి సుమారు 0.75 కిలో. అదే అంగుళంన్నర గొట్టమైతే రసమే 1.14 కిలోలు, మొత్తం 1.6 దాకా వస్తుంది. మామూలుగా లైన్ సగం కూడా నిండదు. కానీ రిలీజర్ (వాక్యూమ్ పోకుండా రసాన్ని బయటికి వదిలే పరికరం) ఆగిపోతే రసం వెనక్కి నిండుతుంది, ఆ బరువంతా కింది చివరన పడుతుంది. లెక్క ఎప్పుడూ నిండిన గొట్టానికే వేయండి.

లావు చూసి తీగ కొనకండి. 3.7 మి.మీ. ఉండే 9 గేజ్ మెత్తటి జీఐ (జింకు పూసిన ఇనుప) తీగ చూడటానికి బలంగా ఉంటుంది కానీ, 2.5 మి.మీ. ఉండే 12.5 గేజ్ హైటెన్సైల్ (గట్టి ఉక్కు) తీగే దానికన్నా ఎక్కువ లాగుడు తట్టుకుంటుంది, దాదాపు 600 కిలోల దాకా. పైగా మెత్తటి తీగ ఏటా సాగుతూనే ఉంటుంది. మెయిన్‌లైన్‌కు అది వద్దు.

ఇంకో మాట: ఒకే బిగింపులో ఉంటే లావు తీగా సన్న తీగా ఒకేలా కుంగుతాయి. కుంగుడును ఆపేది బిగింపు, ఆధారాల మధ్య దూరం. వాలు 2 శాతమైతే 6 మీటర్ల దూరంలో కుంగుడు 3 సెం.మీ. దాటకూడదు, దాటితే మడుగు కడుతుంది. అంగుళం లైన్‌కు అంత పట్టు 112 కిలోల బిగింపుతో వస్తుంది, 12.5 గేజ్ హాయిగా మోస్తుంది. అంగుళంన్నర లైన్‌కు 240 కిలోలు కావాలి. అప్పుడు 9 గేజ్ హైటెన్సైల్ తీసుకోండి, లేదా పక్క చెట్లకు లాగి కట్టి దూరం 3 మీటర్లకు తగ్గించండి. తగ్గిస్తే 120 కిలోలు చాలు. మా సలహా రెండోదే. ఎందుకంటే బిగింపు పెరిగే కొద్దీ ఆ భారమంతా చివరి చెట్టు మీద పడుతుంది. గాలి గొట్టం, రసం గొట్టం జంటగా వేసే చోట మాత్రం 9 గేజే పెట్టండి.

ఎండ రోజున పూర్తిగా బిగించేయకండి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పడిపోతే 12.5 గేజ్‌లో దాదాపు 35 కిలోలు, 9 గేజ్‌లో 80 కిలోలు అదనంగా బిగుస్తుంది. గొట్టం అంతకన్నా బాగా ముడుచుకుంటుంది: వంద మీటర్లకు సుమారు అర మీటరు. వదులుగా కడితే వేడి రోజున సాగి పాములా మెలికలు తిరుగుతుంది. అందుకే గొట్టాన్ని గట్టిగా లాగి, అడుగు నుంచి అడుగున్నరకు ఒక కట్టు వేయండి.

హైటెన్సైల్ తీగను పదునుగా వంచితే వంపు దగ్గరే విరుగుతుంది. దాన్ని ముడి వేయకండి. తీగ మందానికి సరిపడే క్రింప్ స్లీవులు (నొక్కి బిగించే లోహపు తొడుగులు) లేదా గ్రిపుల్‌లు (తీగను జారకుండా పట్టే బిగింపులు) వాడండి. బిగించడానికి రాట్చెట్ (వెనక్కి తిరగకుండా తీగను లాగి పట్టే పళ్ల చక్రం). చెట్టు చుట్టూ తీగ నేరుగా చుట్టకండి. పాత గొట్టం ముక్కలో దూర్చి లేదా చెక్క పేళ్ల మీదుగా చుట్టి, చెట్టు లావెక్కే కొద్దీ ఏటా వదులు చేయండి. లేకపోతే బెరడులోకి దిగి చెట్టును చంపుతుంది.

చుట్ట విప్పేటప్పుడు గుండ్రంగా తిరిగే స్టాండు, కళ్లద్దాలు, మందపాటి గ్లవుజులు తప్పనిసరి. కోసిన కొస కొరడాలా తిరగబడుతుంది. కోసే ముందు రెండు వైపులా పట్టుకోండి. బిగిసిన తీగ వరుసలో ఎవరూ నిలబడకూడదు.

లైన్ మీద చెట్టు పడితే వెంటనే చైన్‌సా ఎత్తకండి. ముందు రాట్చెట్ విప్పి తీగ వదులు చేయండి. తీగ బిగిసి ఉండగా దుంగ కోస్తే, బరువు తొలగిన క్షణమే తీగ, గొట్టం, వంగి ఉన్న కొమ్మలు కోసేవాడి ముఖం ఎత్తుకు ఎగిరి వస్తాయి. రాట్చెట్ అందని చోట చిక్కితే ఒంటరిగా పని మొదలుపెట్టకండి.