పాత కట్టడాల దగ్గర ఫోటోలు తీసేవారికి: వానాకాలానికి ముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు వార్తల్లోకి వచ్చిన సెల్ఫీ మరణాలను భారతీయ పరిశోధకులు లెక్కగట్టినప్పుడు, ప్రపంచమంతటా కలిపి అవి 259గా తేలాయి. 2016లో పెరూ దేశంలోని ప్రాచీన కొండ నగరం మాచు పిచ్చు వద్ద ఒక పర్యాటకుడు అంచున నిలబడి, గాలిలోకి ఎగిరినట్లు ఫోటో దిగబోయి లోయలో పడి మరణించాడు. మంచినీళ్లు, టోపీ, మందుల పెట్టె గురించి అందరూ చెబుతారు కనుక వాటిని వదిలి, ఎక్కువగా ముప్పు తెచ్చే ఒక్క తప్పు గురించే ముందుగా చెబుతాను.

ఆ తప్పు కెమెరాలోంచి చూస్తూ అడుగు వేయడం, అందులోనూ వెనక్కి వేయడం. గోపురం మొత్తం ఫ్రేములోకి రావాలని ఒక అడుగు, శిఖరం కూడా రావాలని మరో అడుగు వెనక్కి వేస్తాం. కళ్లు కట్టడం మీదే ఉంటాయి కనుక వెనుక ఉన్న లోతు కనిపించదు, భయమూ కలగదు. ముందుకు నడిచినా ప్రమాదమే. ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్స్‌లో దగ్గరి వస్తువులు కూడా దూరంగా కనిపిస్తాయి కాబట్టి, తెరమీద నాలుగడుగుల అవతల ఉన్నట్లు తోచే అంచు నిజానికి కాలి ముందే ఉండవచ్చు. పాత కోటల్లో పిట్టగోడలు చాలాచోట్ల కూలిపోయి ఉంటాయి, మెట్లు అరిగి ఎగుడుదిగుడుగా ఉంటాయి, గట్టులేని బావులను గడ్డి కప్పేసి ఉంటుంది.

అందువల్ల ఆగండి, కెమెరా దించండి, తిరిగి చూడండి, అడుగు వేయండి, రెండు కాళ్లూ కుదురుకున్నాకే కెమెరా ఎత్తండి. ఎదుట నిలబడినవారితో "ఇంకొంచెం వెనక్కి" అని ఎన్నడూ అనకండి. వారు మీ మాట నమ్మి, తిరిగి చూడకుండానే జరుగుతారు. ఫ్రేము చాలకపోతే నిలబడినచోటు నుంచే రెండు మూడు ఫోటోలు తీసి తరువాత కలుపుకోవచ్చు.

ఇక పిడుగుల సంగతి. 2021 జూలైలో జైపూర్‌లోని ఆమేర్ కోట సమీపంలో, వానలో బురుజు ఎక్కినవారిపై పిడుగు పడి పదిమందికి పైగా మరణించారు. ఉరుము వినబడిందంటే పిడుగు మీ దాకా రాగలదని అర్థం. కనుక చినుకు పడకపోయినా బురుజు దిగిపోండి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ ఎక్కకండి. విడి చెట్టు కిందికి వెళ్లకండి.

వానకు నానిన గోడకు ఆనుకోకండి. సున్నం కరిగి రాళ్లు పట్టు వదిలి ఉండవచ్చు. నాచు పట్టిన మెట్లు ఎక్కకండి. తాడు కట్టిన చోట తాడు దాటకండి. తేనెపట్టు కనిపిస్తే దాని కింద నిలబడకండి, డ్రోన్‌ను దాని దరిదాపులకు పంపకండి. ఎంతకాలంగానో మూసి ఉన్న నేలమాళిగలోకి దిగకండి, అక్కడ ప్రాణవాయువు చాలకపోవచ్చు. కుడ్యచిత్రాల మీద ఫ్లాష్ వేయకండి. కోట కనబడిందని మలుపులో కారు ఆపకండి. సూర్యాస్తమయపు వెలుతురు కోసం ఆగేటట్లయితే ఆ రాత్రికి దగ్గరలోనే బస చూసుకోండి; రోజంతా ఎండలో తిరిగిన అలసటతో చీకట్లో బండి నడపకండి. నడుస్తూ ఫోటో తీయకండి, నడుస్తూ వీడియో అసలే తీయకండి. కెమెరా దించాకే అడుగు వేయండి.