ధైర్యం వచ్చేదాకా ఆగకుండా బయటపడడం ఎలా?

బాధపెట్టే అబ్బాయిని వదలలేకపోతున్న ఇంటర్ వయసు అమ్మాయిల్లో చాలామందిని అక్కడ కట్టిపడేసేది ప్రేమ కాదు, తనను ఇంకెవరూ ఇష్టపడరన్న నమ్మకం. తల్లిదండ్రులు ముంబయికో హైదరాబాదుకో వలసపోయి, అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో పెరిగిన పాలమూరు పిల్లలకు, రోజూ "తిన్నవా?" అని అడిగే మొదటి మనిషి అతడే అయినప్పుడు ఈ నమ్మకం మరింత గట్టిపడుతుంది. ఆ లోటు నిజమైనదే. అంతమాత్రాన అడిగినవాడికి ఫోన్ పాస్‌వర్డును, స్నేహితులను, చదువును అప్పగించాల్సిన పని లేదు.

ముందుగా అతని మాటలను, చేతలను కొన్ని రోజులపాటు ఉన్నవి ఉన్నట్టుగా, ఎవరి కంటా పడని నోటుబుక్కులో రాయండి. "దేవరకొండ బస్సెక్కినట్టు ఫొటో పంపమన్నాడు, పక్క సీట్లో ఎవరున్నారో చూపమన్నాడు, ఛార్జింగ్ అయిపోయి పంపకపోతే రాత్రిదాకా తిట్టాడు" అన్నంత వివరంగా ఉండాలి. "నల్లగున్నవ్, నేను గాబట్టి నీతోని తిరుగుతున్న" వంటి మాటలు కనిపించిన చోట, అతను పరిచయం కాకముందు మీ గురించి మీరు అలాగే అనుకునేవారా అని ఆలోచించండి. మీవి అనుకున్న అభిప్రాయాల్లో ఎన్ని అతని నోటి నుంచి వచ్చాయో అప్పుడు తెలుస్తుంది.

ఆత్మవిశ్వాసం కుదిరాక బయటికి వద్దామనుకుంటే, దాన్ని రోజూ తగ్గించే మనిషి పక్కనే ఉండగా అది ఎప్పటికీ కుదరదు. అందుకని అతను మాన్పించిన పనుల్లో ప్రమాదం లేనిది ఒకటి, పాత స్నేహితురాలితో కలిసి కాలేజీకి వెళ్లడమో, కబడ్డీ ఆడడమో, మళ్లీ మొదలుపెట్టండి.

తర్వాత పెద్దవాళ్లలో ఒకరికి చెప్పాలి. ఇదే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేస్తారన్న భయం ఉత్తది కాదు. కాబట్టి కోపం కంటే ముందు వినే గుణం ఉన్న చిన్నమ్మనో, అక్కనో, లెక్చరర్‌నో ఎంచుకుని, "నేను ఇందులోంచి బయటికి రావాలనుకుంటున్న, సాయం చెయ్యండి" అని మొదటి మాటగానే చెప్పండి. 18 ఏళ్లు నిండకుండా అమ్మాయికి పెళ్లి చేయడాన్ని 2006 నాటి చట్టం నిషేధించింది. అటువంటి ప్రయత్నం జరిగితే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు.

విడిపోతున్నట్టు చెప్పడానికి పిల్లలమర్రి దగ్గరికో సాగర్ కట్ట మీదికో ఒంటరిగా వెళ్లకండి. ఫోన్లోనే ఒకే వాక్యంలో చెప్పండి. కారణాలు వివరించడం మొదలుపెడితే అతను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి మళ్లీ మిమ్మల్నే దోషిని చేస్తాడు. "నువ్వు పోతే సచ్చిపోత" అంటే దాన్ని తేలిగ్గా తీసుకోకుండా వెంటనే అతని ఇంటివాళ్లకు తెలియజేయండి, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి, కానీ అతన్ని బతికించే బాధ్యతను మీ ఒక్కరి మీద వేసుకోకండి.

ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తే డబ్బు ఇవ్వవద్దు, కొత్త ఫొటో పంపవద్దు, మెసేజీలు చెరిపేయవద్దు. స్క్రీన్‌షాట్లు దాచి, నమ్మిన పెద్దవారితో కలిసి సైబర్ నేరాల సహాయవాణి 1930కి గాని, మహిళల రక్షణ కోసం పనిచేసే పోలీసు విభాగమైన షీ టీమ్‌కు గాని ఫిర్యాదు చేయండి. ప్రాణభయం ఉంటే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి. 18 ఏళ్లలోపు బాధితుల వివరాలను మీడియాలో బయటపెట్టకూడదని పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. ఇదే ఇబ్బందిలో ఉన్న అబ్బాయిలకూ ఈ చట్టం వర్తిస్తుంది.

విడిపోయిన మొదటి వారాల్లో, ముఖ్యంగా రాత్రిపూట, అతనికి ఫోన్ చేయాలనిపించడం సహజం; అది మీ నిర్ణయం తప్పన్నదానికి గుర్తు కాదు. ఆ వేళకు ఫోన్‌ను వేరే గదిలో పెట్టి, ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చన్న స్నేహితురాలి నంబరును, 14416ను కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి.