ఇంజన్ బోల్ట్ బిగుసుకోకుండా ఊరికే తిరుగుతోందా?

సమస్య: ఆయిల్ మార్చి డ్రెయిన్ బోల్ట్ (పాత ఆయిల్ దించే రంధ్రానికి వేసే బోల్ట్) బిగిస్తుంటే, పట్టు దొరికినట్టే దొరికి స్పానర్ ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా బోల్ట్ తిరుగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి బండి కింద ఆయిల్ చుక్కలు.

వెంటనే ఆపేయండి. ఇంకా తిప్పితే మిగిలిన థ్రెడ్ (మర గాడులు) కూడా పోతుంది. బోల్ట్ తీసి వెలుతురులో చూడండి. గాడుల్లో సన్నటి వెండిరంగు తీగ చుట్టుకుని ఉందంటే అది కేసు (ఇంజన్ బయటి పెట్టె) అల్యూమినియం, పాడైంది రంధ్రమే. అలా లేకుండా, కొత్త బోల్ట్ చేత్తో సాఫీగా ఎక్కి గట్టిగా పట్టిందంటే బోల్ట్ మారిస్తే సరిపోతుంది.

కారణం: ఎక్కువసార్లు పొడవాటి స్పానర్‌తో అతిగా బిగించడమే. అల్యూమినియం కేసులో 6 మి.మీ. కవర్ బోల్ట్‌కి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. విశాఖలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. బీచ్ రోడ్డు, ఫిషింగ్ హార్బర్ వైపు ఆరుబయట ఉండే బండ్లలో ఉక్కు బోల్ట్ అల్యూమినియానికి ఆనే చోట తెల్లటి పొడి కట్టి పట్టేస్తుంది. బలవంతంగా విప్పితే థ్రెడ్ కూడా ఊడి వస్తుంది. అలాంటి బోల్ట్‌కి ముందురోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ (పట్టేసిన బోల్ట్‌ని వదులుచేసే నూనె) కొట్టి ఉంచాలి.

పరిష్కారం: కవర్ బోల్ట్ అయితే సన్నటి తీగ దించి రంధ్రం లోతు కొలవండి. అడుగున మంచి థ్రెడ్ మిగిలి ఉంటే కాస్త పొడవు బోల్ట్ వేయొచ్చు. అడుగు తగిలేంత పొడవు వేస్తే కేసు పగులుతుంది, జాగ్రత్త.

అసలైన వైద్యం హెలికాయిల్, అంటే పాడైన రంధ్రంలో కొత్త థ్రెడ్‌గా పనిచేసే తీగ చుట్ట. కిట్‌లో ఇచ్చిన సైజు డ్రిల్‌తో నిటారుగా రంధ్రం పెంచి, ట్యాప్‌కి (థ్రెడ్ కోసే పనిముట్టుకి) గ్రీజు పూసి అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దించాలి. రజను గ్రీజుకి అంటుకుంటుంది. శుభ్రం చేశాక, కాయిల్‌ని పైఅంచుకి కొంచెం కిందికి దిగేలా ఎక్కించి, దాని తోకని విరిచి బయటికి తీసేయాలి. తోక గానీ, రజను గానీ ఇంజన్లో ఉండకూడదు. డ్రెయిన్ రంధ్రమైతే బోల్ట్ పెట్టేముందు పైనుంచి కొంచెం ఆయిల్ పోసి కడగండి.

టెఫ్లాన్ టేపు చుట్టడం, ఎం-సీల్ పూయడం మాత్రం వద్దే వద్దు. సింహాచలం ఘాట్ ఎక్కుతుండగా బోల్ట్ ఊడి ఆయిలంతా కారిపోతే ఇంజన్ సీజ్ అవుతుంది, అంటే లోపల బిగుసుకుపోతుంది.

హెడ్ (సిలిండర్ పైన కూర్చునే భాగం) బోల్ట్ రంధ్రమైతే ఇంట్లో చేయి పెట్టకండి. డ్రిల్ కాస్త వంకరపోయినా హెడ్ సరిగ్గా కూర్చోదు. బ్లాక్ విప్పించి ఆటోనగర్‌లో మంచి లేత్ షాపుకి ఇవ్వండి.