టోకెన్ నంబర్ మారడం లేదా? వైర్‌లెస్ కాల్ బటన్లు, డిస్‌ప్లేల సమస్యలు - పరిష్కారాలు

తర్వాతి టోకెన్‌ని పిలవడానికి కౌంటర్లో వైర్‌లెస్ బటన్ నొక్కితే బయటి డిస్‌ప్లేలో నంబర్ మారలేదంటే అందరూ ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత బటనే మార్చేస్తారు, అప్పటికీ కుదరకపోతే అమ్మినవాళ్లకి ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటారు. ఈలోగా బయట కూర్చున్న జనమంతా లేచి కౌంటర్ మీదకి వచ్చేస్తారు. విశాఖలో క్లినిక్కులు, ల్యాబులు, సర్వీస్ సెంటర్లలో వీటిని బిగించడం, బాగుచేయడం నా పని కాబట్టి గట్టిగా చెప్తున్నాను: రూపాయి ఖర్చు పెట్టే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. ఉండగలిగేది మూడు చోట్లే. నొక్కే బటన్, మధ్యలో దారి, సిగ్నల్ అందుకునే డిస్‌ప్లే.

తేల్చుకోవడం తేలిక. గోడకో టేబుల్‌కో అంటించిన బటన్‌ని ఊడదీసి, డిస్‌ప్లేకి రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి నొక్కండి (మరీ ఆనించి నొక్కకండి, సిగ్నల్ ఎక్కువైపోయి కొన్ని డిస్‌ప్లేల్లో దాన్ని అందుకునే రిసీవర్ తడబడుతుంది). అక్కడ నంబర్ మారిందంటే బటనూ డిస్‌ప్లే రెండూ మంచివే, గొడవంతా దారిలో ఉంది. మారకపోతే పక్క కౌంటర్ బటన్ తెచ్చి నొక్కండి. అది పనిచేస్తే మీ బటన్‌దే తప్పు, అదీ పనిచేయకపోతే డిస్‌ప్లే సంగతి చూడాలి. ఈ పరీక్ష చేయకుండా బటన్ మీద బటన్ కొనేసి, పాతవన్నీ సొరుగులో పడేసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాటిలో సగానికి సగం బాగానే ఉంటాయి.

"దగ్గర పనిచేస్తుంది, నా సీట్లో కూర్చుని నొక్కితే పనిచేయదు"

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే, కారణాలు కూడా దీనికే ఎక్కువ.

ముందు డిస్‌ప్లే ప్లగ్ పీకేసి వెనక మూత విప్పండి. లోపల చిన్న రిసీవర్ బోర్డు, దాని మూల నుంచి ఒక సన్నటి వైరు కనిపిస్తాయి. ఆ వైరే యాంటెన్నా. ప్యాకింగ్‌లో దాన్ని చుట్ట చుట్టి పెట్టెలోకి తోసేసి ఉంటారు, లేదా బిగించిన ఎలక్ట్రీషియన్ వేలాడుతోందని కత్తిరించేసి ఉంటాడు. ఈ బటన్లలో చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, ఆ తరంగం పొడవు దాదాపు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు అంటే సుమారు 17 సెంటీమీటర్ల వైరు తిన్నగా ఉండాలి. చుట్ట విప్పి, ప్లాస్టిక్ పెట్టెకి చిన్న రంధ్రం చేసి బయటికి తీసి, పవర్ సప్లైకి దూరంగా గోడ వెంబడి తిన్నగా అంటించండి, అంతే. పెట్టె ఇనుప రేకుదైతే వైరు బయటికి రావాల్సిందే, లోపల ఎంత తిన్నగా ఉన్నా లాభం లేదు. స్ప్రింగ్ లాంటి చుట్ట నేరుగా బోర్డుకే అతికించి ఉంటే మాత్రం అది అలా తయారుచేసిందే, దాన్ని సాగదీయకండి. రేంజ్ పెరుగుతుందని మీటరు వైరు అతికించేవాళ్లూ ఉన్నారు, పెరగకపోగా చాలాసార్లు తగ్గుతుంది.

తర్వాత దారిలో ఏముందో చూడండి. మామూలు ఇటుక గోడ ఒకటీ రెండూ ఉన్నా ఫర్వాలేదు. అల్యూమినియం పార్టిషన్, స్టీల్ బీరువా, నిలువెత్తు అద్దం, ఫాల్స్ సీలింగ్ పైన ఏసీ డక్ట్ లాంటివి సిగ్నల్‌ని మింగేస్తాయి. మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల డయాగ్నస్టిక్ సెంటర్లున్నాయి కదా, అక్కడ ఎక్స్‌రే గది తలుపుకి సీసం రేకు ఉంటుంది, తలుపు వేశాక లోపల బటన్ నొక్కితే బయటికి సరిగ్గా రాదు, తలుపు తీసి ఉన్నప్పుడు వస్తుంది. టెక్నీషియన్ ఏమో "ఒక్కోసారి పనిచేస్తుంది సార్, ఒక్కోసారి చేయదు" అంటాడు. బటన్‌ని తలుపు బయటికి మార్చండి. ఎమ్మారై గది అయితే ఆలోచనే వద్దు, ఆ గదికి నాలుగు వైపులా రేడియో తరంగాలు దాటకుండా రాగి కవచం వేస్తారు, పైగా బ్యాటరీ ఉన్న వస్తువుని లోపలికి తీసుకెళ్లడమే ప్రమాదం. బటన్ మెషిన్ నడిపేవాళ్లు కూర్చునే కన్సోల్ గదిలోనే ఉండాలి.

బటన్‌ని స్టీల్ టేబుల్ అడుగున అంటించినా ఇదే ఇబ్బంది. చెక్క పక్కకో గోడకో మార్చి చూడండి.

మూడో కారణం కంటికి కనిపించదు: రొద, అంటే మన సిగ్నల్‌ని కప్పేసే వేరే రేడియో తరంగాలు. ఉదయం షట్టర్ తీయగానే బాగా పనిచేస్తుంది, లైట్లన్నీ వేశాక పనిచేయదు అంటే, చవక ఎల్ఈడీ ప్యానెల్ లైట్ల డ్రైవర్లు (లైటుకి కరెంటు సర్దే చిన్న పెట్టెలు) గానీ, డిస్‌ప్లేకి ఇచ్చిన అడాప్టర్ గానీ రేడియో రొద పుట్టిస్తున్నాయని అనుమానించాలి. లైట్లు ఒక్కొక్కటే ఆపుతూ బటన్ నొక్కించి చూడండి, ఏ స్విచ్ ఆపితే నంబర్ మారిందో అదే దొంగ. డిస్‌ప్లే 5 వోల్టులదైతే అడాప్టర్ పీకేసి పవర్ బ్యాంక్ మీద నడపండి, 12 వోల్టులదైతే 12 వోల్టుల బ్యాటరీ పెట్టండి. అప్పుడు రేంజ్ తిరిగి వస్తే మంచి అడాప్టర్ కొంటే సరిపోతుంది. పవర్ ఎక్కువ ఉన్న బటన్ తెప్పించేద్దామని మాత్రం అనుకోకండి. మన దేశంలో 433-434 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చేది 10 మిల్లీవాట్ల లోపు, అదీ ఇండోర్ వాడకానికే.

"బటన్ మీద లైట్ వెలుగుతోంది, అయినా నంబర్ మారదు"

లైట్ వెలిగిందంటే బ్యాటరీ బాగుందని అర్థం కాదు, ఆ చిన్న లైటుకి చాలా కొంచెం కరెంటు చాలు. మల్టీమీటర్ పెట్టి బటన్ నొక్కి పట్టుకుని ఉండగా వోల్టేజ్ చూడండి. నొక్కకుండా చూస్తే 12 వోల్టుల బ్యాటరీ 11 పైనే చూపించి మోసం చేస్తుంది, నొక్కగానే 9కి పడిపోతుంది. సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయితే నొక్కినప్పుడు 2.7 వోల్టుల కిందికి దిగితే మార్చేయండి.

ఇక్కడ ఒక తిరకాసుంది. 12 వోల్టుల చిన్న బ్యాటరీల్లో 23ఏ, 27ఏ అని రెండు రకాలున్నాయి, పొడవు దాదాపు ఒకటే, కానీ 27ఏ సన్నగా ఉంటుంది. 23ఏ గూట్లో 27ఏ పెడితే పట్టీ పట్టుకోదు, లోపల కదులుతుంది, ఒకసారి పనిచేస్తే రెండుసార్లు మొరాయిస్తుంది. షాపులో "రెండూ ఒకటే" అంటే ఒప్పుకోకండి, పాత బ్యాటరీ మీద ఉన్న పేరు చూసే కొనండి.

ఇక సముద్రం. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు బిగించిన బటన్లు విప్పి చూస్తే తెలుస్తుంది, బ్యాటరీ స్ప్రింగ్ మొదట్లో పచ్చటి చిలుము, పైన తెల్లటి పొడి, బోర్డు మీద స్విచ్ కాళ్ల చుట్టూ నల్లటి మచ్చ. ఉప్పు గాలి, ఉక్క కలిస్తే అంతే. తెల్ల పొడి అయితే కారిన బ్యాటరీది, దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడవండి. పచ్చ చిలుముని పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. ఆ తర్వాత మొత్తం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి కొత్త బ్యాటరీ వేయండి. స్ప్రింగ్ విరిగేంతగా తినేసి ఉంటే బటన్ మార్చడమే మేలు. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు వానలు మొదలయ్యే ముందు ఒకసారి, తుపాన్ల సీజన్ అయ్యాక ఒకసారి అన్ని బటన్లూ విప్పి చూసుకోండి.

"నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ఏ బటనూ పనిచేయడం లేదు"

డిస్‌ప్లే కాలిపోయిందని కంగారు పడకండి. ఏదో ఒక కౌంటర్లో రిజిస్టర్ పుస్తకమో, స్టాప్లరో ఒక బటన్ మీద కూర్చుని ఉంటుంది. చవక రకం బటన్లు నొక్కినంతసేపూ సిగ్నల్ పంపుతూనే ఉంటాయి, అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ కాబట్టి ఆ ఒక్కటీ మిగతావాటి గొంతు నొక్కేస్తుంది. అన్ని బటన్ల బ్యాటరీలూ తీసేసి ఒక్కొక్కటే తిరిగి వేస్తూ రండి, ఏది వేశాక మళ్లీ ఆగిపోయిందో దాని స్విచ్ లోపలికి దిగబడిపోయి ఉంటుంది.

ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే రెండూ పోవడం కూడా ఇలాంటిదే. ఈ బటన్లు పంపడమే తప్ప డిస్‌ప్లేకి అందిందో లేదో తెలుసుకోలేవు. స్టాఫ్‌కి చెప్పాల్సింది ఒక్కటే: నొక్కాక డిస్‌ప్లే వైపు చూడండి, మారకపోతే ఒక క్షణం ఆగి మళ్లీ నొక్కండి. కౌంటర్లు బాగా ఎక్కువున్న చోట మాత్రం జవాబు తిరిగి వచ్చే రకం తీసుకోండి, లేదంటే వైరు లాగించండి, ఖర్చయినా మనశ్శాంతి.

"ఒకసారి నొక్కితే రెండు నంబర్లు దూకుతోంది"

దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. 46 తర్వాత 48 వచ్చిందంటే 47 టోకెన్ పట్టుకున్న మనిషి తన వంతు పోయిందని కూడా తెలియక అలాగే కూర్చుంటాడు. శ్రీకాకుళం నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చిన పెద్దావిడ అయితే లేచి అడగడానికి కూడా మొహమాటపడుతుంది.

కారణం సాధారణంగా అరిగిపోయిన స్విచ్, ఒక్క నొక్కుకి లోపల రెండుసార్లు తగులుతుంది. అది చాలా చవకైన భాగం, టంకం పట్టగలిగినవాళ్లు ఐదు నిమిషాల్లో మారుస్తారు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెండు నొక్కుల మధ్య గ్యాప్ పెట్టుకునే వీలుంటే ఒకటిన్నర సెకను పెట్టండి. రేంజ్ కోసం రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె) పెట్టినచోట ఇంకో కారణం కూడా ఉంటుంది: డిస్‌ప్లేకి బటన్ సిగ్నల్ నేరుగా ఒకసారి, రిపీటర్ నుంచి ఇంకోసారి అందుతుంది. రిపీటర్ ఆపి చూడండి, నంబర్ సరిగ్గా మారుతుంటే అసలు మీకు రిపీటర్ అవసరమే లేదు.

"ఎవరూ నొక్కకుండానే నంబర్ మారుతోంది"

ద్వారకానగర్ లాంటి చోట ఒకే కాంప్లెక్స్‌లో మెట్టుకో క్లినిక్, అందరూ ఒకే రకం సెట్ కొంటారు. పైఅంతస్తు డాక్టర్ గారు నొక్కితే కింద మీ నంబర్ మారుతుంది. పాత పీటీ 2262 చిప్ బటన్లలో, ఏ బటన్ ఏ డిస్‌ప్లేదో గుర్తుపట్టే కోడ్‌ని బోర్డు మీద టంకం చుక్కలతో పెడతారు, ఫ్యాక్టరీ నుంచి అన్నీ ఖాళీగా వస్తే అందరి కోడూ ఒకటే. కోడ్ కోసం చిప్‌కి ఎనిమిది కాళ్లు, ఒక్కో దానికి మూడు స్థితులు, మొత్తం 6,561 కోడ్‌లు ఉన్నాయి, ఏదో ఒకటి మార్చుకుని బటన్‌లోనూ రిసీవర్‌లోనూ ఒకేలా పెట్టండి. ఈవీ 1527 రకం అయితే ప్రతి చిప్‌కీ 20 బిట్ల కోడ్ ఫ్యాక్టరీలోనే పడుతుంది కాబట్టి ఈ గొడవ చాలా అరుదు. అయినా మారుతుంటే డిస్‌ప్లే మెమరీ మొత్తం తుడిచేసి మీ బటన్లు మాత్రమే మళ్లీ నేర్పించండి (పెయిరింగ్ అంటే ఇదే), పాత స్టాఫ్ ఇంటికి పట్టుకెళ్లిన బటన్ ఒకటి అందులో మిగిలిపోయి ఉండొచ్చు.

"కొత్త బటన్ కొన్నాం, పెయిర్ కావడం లేదు"

వెనక స్టిక్కర్ మీద 315 అని ఉందేమో చూడండి. మీ డిస్‌ప్లే 433 అయితే ఆ రెండూ ఎప్పటికీ కలవవు, వాపస్ ఇచ్చేయండి. ఫ్రీక్వెన్సీ సరిపోయినా చిప్ రకం వేరైతే కూడా అంతే. రెండూ సరిపోయినా పెయిర్ కాకపోతే డిస్‌ప్లే మెమరీ నిండిపోయి ఉంటుంది.

కొత్తగా మొత్తం సెట్ పెట్టుకునేవాళ్లు పెయిరింగ్ అంతా ఒకే టేబుల్ మీద ముగించి, ప్రతి బటన్ వెనకా కౌంటర్ నంబర్ రాసి, ఆ తర్వాత ఒక్కొక్క సీట్లో కూర్చుని నొక్కి చూశాకే స్క్రూలు బిగించండి.

"డిస్‌ప్లే నంబర్ ఒకటి, చేతిలో టోకెన్ ఇంకొకటి"

టోకెన్ ప్రింటర్, డిస్‌ప్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకోని సెట్లలో ఇది తప్పదు. రెండింటి లెక్కా వేర్వేరు. కరెంటు పోయి వచ్చేసరికి ఒకటి సున్నా నుంచి మొదలవుతుంది, ఇంకోటి ఆగిన చోటు నుంచి. రెండింటినీ ఒకే ఇన్వర్టర్ లైన్ మీదకి తెండి, చాలామంది కంప్యూటర్‌కి మాత్రమే ఇచ్చి డిస్‌ప్లేని మామూలు ప్లగ్‌లో వదిలేస్తారు. పొద్దున్న తెరిచేవాళ్లు రెండింటినీ కలిపి రీసెట్ చేయాలి. నంబర్ నేరుగా టైప్ చేసి పెట్టే కీప్యాడ్ ఉన్న డిస్‌ప్లే అయితే మధ్యలో తేడా వచ్చినా క్షణంలో సర్దుకోవచ్చు, కొనేటప్పుడే అది ఉందో లేదో అడగండి.

"అంకె సగమే కనిపిస్తోంది"

8 కాస్తా 6లా కనిపిస్తే ఒక గీత పోయినట్టు, టంకం ఊడిందేమో చూసి మళ్లీ పెట్టించాలి. చుక్కల ప్యానెల్ మీద అక్షరాలు వణుకుతుంటే ప్యానెల్ దగ్గరే వోల్టేజ్ చూడండి, సప్లై దగ్గర 5 ఉండి ఇక్కడ నాలుగున్నర కిందికి వస్తే వైరు సన్నదైందన్న మాట, లావు వైరు వేయండి. వోల్టేజ్ బాగానే ఉంటే రిబ్బన్ కేబుల్ తీసి గట్టిగా మళ్లీ గుచ్చండి.

"గొంతు రావడం లేదు"

నంబర్‌ని పైకి చెప్పే గొంతు ఆగిపోతే ముందు వాల్యూమ్, తర్వాత స్పీకర్ వైరు, తర్వాత మెమరీ కార్డు, ఈ వరసలో చూడండి. కార్డులో ఫైళ్ల పేర్లు మారిస్తే కొన్ని బోర్డులు మాట్లాడవు, కాబట్టి తెలుగు గొంతు వేసుకునేటప్పుడు పాత పేర్లే ఉంచండి. మాకు డిస్‌ప్లే చాలు, గొంతెందుకు అని దాన్ని ఆపేసేవాళ్లున్నారు, దయచేసి ఆపకండి. చదువు రానివాళ్లు, చూపు ఆననివాళ్లు ఆ గొంతు మీదే ఆధారపడతారు. మీ దగ్గరికి ఒడిశా వైపు నుంచి కూడా జనం వస్తుంటే తెలుగు తర్వాత ఒడియాలోనో హిందీలోనో నంబర్ చెప్పించండి, చాలా బోర్డుల్లో రెండో భాషకి చోటు ఉంటుంది.