రెండోసారి ఏఐబీఈకి నేను చదివిన పద్ధతి

ఏఐబీఈ అంటే లా చదివినవాళ్లు లాయరుగా ప్రాక్టీస్ కొనసాగించాలంటే పాసవ్వాల్సిన ఆలిండియా బార్ పరీక్ష. మొదటిసారి 38 మార్కులొచ్చాయి. పాసవ్వాలంటే జనరల్ వాళ్లకి 45 కావాలి. బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో వాయిదాలు చూసుకుని మారతహళ్లి పీజీకి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటేది. గైడ్ తెరిస్తే నిద్ర, మూస్తే టెన్షన్.

రెండోసారి గైడ్ పక్కన పెట్టేశాను. పరీక్షకి నోట్స్ లేని బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలేవీ లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకం) తీసుకెళ్లనిస్తారు కదా, మరి చదివేది కూడా అందులోంచే ఎందుకు చదవకూడదు అనిపించింది. పగలు కోర్టులో విన్న సెక్షన్‌ని రాత్రి వెతికి పట్టుకోవడం, అంతే. ఇంజంక్షన్ పిటిషన్ విన్న రోజు సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 39. కేసు తాలూకు మనిషి ముఖం గుర్తుంటే సెక్షన్ మర్చిపోం.

కొత్త చట్టాలే బాగా తికమక పెట్టాయి. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 482 అంటే హైకోర్టు స్వతఃసిద్ధ అధికారాలు. దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే నంబర్ ముందస్తు బెయిలు, పాత 482 అక్కడ 528 అయింది. ఇలాంటివన్నీ పాత, కొత్త నంబర్లు పక్కపక్కన రాసి గోడకి అంటించాను. అనంతపురం నుంచి వచ్చిన రూమ్మేట్ అన్నం తింటూనే అడిగేవాడు: "చెప్పన్నా, హత్యకి శిక్ష, పాత ఐపీసీ 302 ఇప్పుడెంత?" "బీఎన్‌ఎస్ 103 రా." ఐపీసీ బదులు వచ్చిందే ఈ బీఎన్‌ఎస్.

ఆదివారాలు కబ్బన్ పార్కు లైబ్రరీలో పాత పేపర్లు, వాచీ పెట్టుకుని. వంద ప్రశ్నలకి మూడున్నర గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క గడీ కూడా ఖాళీగా వదల్లేదు. ఈసారి 61 వచ్చాయి.