వేడినీటి బుగ్గలో దిగే ముందు

వేడినీళ్లలో సూక్ష్మజీవులేవీ బతకవన్న ధీమాతోనే చాలామంది బుగ్గల్లో దిగుతారు. అది నిజం కాదు. 1960లలో థామస్ బ్రాక్ అమెరికాలోని ఎల్లోస్టోన్ బుగ్గల్లో థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను కనుగొన్నాడు. దానికి 70 డిగ్రీల వేడి బాగా నచ్చుతుంది. మన ఒంటి వేడికి అలాంటివి పెరగలేవు కాబట్టి వాటితో మనకు పేచీ లేదు. భయపడాల్సింది హాయిగా అనిపించే గోరువెచ్చని నీళ్లకే.

నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా అలాంటి నీళ్లలోనే ఉంటుంది, 46 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఆ నీళ్లు తాగితే దానివల్ల జబ్బు రాదు. నీళ్లు ముక్కులోకి వెళ్తే మాత్రం అమీబా వాసన నరం వెంట మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, కానీ సోకినవాళ్లలో దాదాపు ఎవరూ బతకరు. అందుకే తల ముంచకండి, దూకకండి. మునగక తప్పకపోతే ముక్కుకు క్లిప్ పెట్టుకోండి. అమీబా అడుగు బురదలోనూ ఉంటుంది, దాన్ని కాళ్లతో కెలకొద్దు. ఎండాకాలంలో, అందులోనూ పిల్లలు మొహాల మీద నీళ్లు చల్లుకుంటూ ఆడేటప్పుడు, కళ్లు వాళ్ల మీదే ఉండాలి.

ఒంటి మీద పుండ్లు, తెగిన గాయాలు ఉంటే అసలు దిగొద్దు.

ఇక బుగ్గల రంగుల సంగతి. ఎండతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవుల పొరలే ఆ రంగులు. కిరణజన్య సంయోగక్రియ 73 డిగ్రీలు దాటితే జరగదు. అందుకే బాగా మరిగే చోట నీళ్లు తేటగా, నీలంగా కనిపిస్తాయి. కాస్త చల్లారిన అంచుల్లో పసుపు, నారింజ, ఆకుపచ్చ పొరలు పేరుకుంటాయి. చూడ్డానికి ఎంత అందమో! కానీ రంగు కనిపించింది కదా అని చెయ్యి పెట్టొద్దు, 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. ఆ పొరల మీద నడవడం కూడా తప్పే. జారి పడతాం, వాటినీ పాడుచేస్తాం. చుట్టూ నేల గట్టిగా కనిపించినా లోపల డొల్లగా ఉండొచ్చు, వేసిన దారి దాటొద్దు.

కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. అలాంటి చోట గంధకాన్ని తిని సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేసే జీవులూ ఉంటాయి, నీళ్లు కళ్లనూ చర్మాన్నీ మండిస్తాయి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, పల్లపు చోట్ల పేరుకుంటుంది. ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందనుకోకండి, వెంటనే బయటికి వచ్చేయండి.

తిరిగొచ్చాక రెండు వారాల లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం కనిపిస్తే గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. బుగ్గలో దిగామని, ముక్కులోకి నీళ్లు వెళ్లాయని డాక్టరుకు మొదటి మాటలోనే చెప్పండి.